శ్రీహరికోట ఉపగ్రహములును వాయునిరోధమును

శ్రీహరికోట నుండి ఎగసిన రాకెట్టులను గూర్చి తెలుగు పత్రికలలో వ్రాతలు కొల్లలుగా వచ్చినవి. ఎగసిన దినము పండుగవలె జరుగును. శాస్త్రజ్ఞుల ఛాయాచిత్రములు ప్రకటితములగును. పాఠశాలలలో బాలురు ఆ తేదీలను కంఠస్థము చేయుదురు. అట్లు పైకి పోయినవి పిమ్మట ఏమయ్యెనని అడుగువారు మాత్రము అరుదు. భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహమును అచటి అతి పలుచని గాలి దినదినము ఒరయుచు, క్రిందికి దింపుచు, తుదకు దహించివేయును. ఈ ఒరపిడికే వాయునిరోధమని పేరు. శ్రీహరికోట తొలి దినములలో ఇది శత్రువు. తాళము చెవి తన చేత లేని శత్రువు. ఇరువది ముప్పది సంవత్సరములు గడచునప్పటికి అదియే చేతి పనిముట్టుగా మారినది. ఈ మార్పు జరిగిన తీరు తెలుగు నేలతో గాఢముగా ముడివడి యున్నను, తెలుగున దానిని వరుసగా చెప్పిన రచనలు తక్కువ.

శ్రీహరికోట పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ నున్న దీవి. చిరకాలము నెల్లూరు జిల్లాలో నుండి, 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు తిరుపతి జిల్లాలో చేరినది. 1969లో దీనిని రాకెట్టు కేంద్రమునకై ఎన్నుకొనిరి. తూర్పున ఎల్లలు లేని సముద్రము, భూమధ్యరేఖకు సామీప్యము, జనసంఖ్య స్వల్పమగుట ఇందులకు కారణములు. స్వల్పమన్నంత మాత్రమున శూన్యము కాదు. ఆ అడవులలో యానాదులు తరతరములుగా జీవించుచుండిరి. కేంద్రము నిర్మింపబడినప్పుడు వారిలో అనేకులు తమ చోటు విడువవలసి వచ్చెను. ఈ సంగతి ఒక వాక్యముతో తీరునది కాదు. దానికి ప్రత్యేక వ్యాసమే కావలెను. 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి-125 అను చిన్న పరిశోధక రాకెట్టు ఇచటినుండి తొలిసారిగా ఎగసెను. 2002లో ఈ కేంద్రమునకు సతీష్ ధవన్ పేరు పెట్టిరి. ఆయన వాయుగతిశాస్త్రములో, అనగా గాలికిని దానిలో కదలు వస్తువునకును గల సంబంధమును విచారించు శాస్త్రములో, ఉద్దండుడు. గాలి పట్టును గూర్చిన చరిత్రకు ఆ పేరు తగినదే.

విషయములోనికి పోవుటకు ముందు గాలి చేయు పనిని కొంత విడమరచి చెప్పవలెను. 300 కిలోమీటర్ల ఎత్తున వాయుసాంద్రత నేలమీది దానిలో వేల కోట్ల వంతులలో ఒక వంతైనను ఉండదు. అయినను ఉపగ్రహము సెకనునకు 7 కిలోమీటర్లకు మించిన వేగముతో పోవును గనుక ఆ కొలదిపాటి గాలియే చాలును. షోలాపురమందలి విడీ ఘర్కుల్ వీథులలో మరమగ్గముల చప్పుడు నడుమ పెరిగినవారికి ఒరపిడి యొక్క ఉపయోగమును వేరుగా చెప్పనక్కరలేదు. పడుగు చుట్టిన బీము వట్టిగా దొర్లిపోకుండ దాని కొనకు త్రాడో గొలుసో చుట్టి బరువు వ్రేలాడదీయుదురు. బరువు హెచ్చిన నూలు తెగును. తగ్గిన పడుగు వదులై బట్ట చెడును. నేతగాడు ఆ బరువును అటునిటు జరిపి తనకు కావలసినంత పట్టు తెచ్చుకొనును. ఉపగ్రహముల విషయమున గాలి పట్టును అట్లు జరుపుకొనుట ఎట్లో తెలియుటకే కాలము పట్టినది.

ఇక్కడ బీమునకును ఉపగ్రహమునకును ఒక భేదము గలదు. బీమును ఒరపిడి నెమ్మదింపజేయును. ఉపగ్రహమును ఒరపిడి త్వరపెట్టును! వినుటకు ఇది విపరీతముగా తోచును గాని నిజము. గాలి తగిలిన ఉపగ్రహము శక్తిని కోల్పోయి క్రిందికి దిగును. దిగునప్పుడు ఎత్తు వలన కలిగిన శక్తిలో కొంత వేగముగా మారును. గాలి హరించిన దానికంటె ఈ మార్పు వలన వచ్చినది అధికము. అందుచేతనే 500 కిలోమీటర్ల ఎత్తున సెకనునకు 7.61 కిలోమీటర్ల వేగముతో తిరుగు ఉపగ్రహము 300 కిలోమీటర్లకు దిగినప్పుడు 7.73 కిలోమీటర్ల వేగమును పొందును. దారి కూడ పొట్టిదగును. మొదట 94 నిమిషములకు పైగా పట్టిన ప్రదక్షిణము 90 నిమిషములలో ముగియును. ఈ వింత గుణమే తరువాత చెప్పబోవు 88 ఉపగ్రహముల కథకు మూలము.

కక్ష్య గుండ్రముగా గాక కోడిగ్రుడ్డువలె నున్నప్పుడు మరియొక విశేషము. ఉపగ్రహము భూమికి మిక్కిలి దగ్గరగా వచ్చిన చోటనే గాలి దట్టముగా తగులును. అచట పోయిన శక్తి ఆవలి వైపున లెక్కకు వచ్చును. తత్ఫలితముగా దూరపు కొన ప్రతి ప్రదక్షిణమునను తగ్గుచు వచ్చును. దగ్గరి కొన చాలకాలము ఇంచుమించు స్థిరముగా నుండును. కోడిగ్రుడ్డు క్రమముగా గుండ్రనగును. పిమ్మట ఉభయమును త్వరత్వరగా కూలును.

1957 అక్టోబరు 4న రష్యావారు ప్రయోగించిన స్పుట్నిక్ మూడు మాసములలో, 1958 జనవరి 4న, ఇట్లే దగ్ధమయ్యెను. ఉపగ్రహములు పడిపోవు తీరును కొలిచి పైగాలి సాంద్రతను తెలిసికొనవచ్చునని ఇంగ్లండులో డెస్మండ్ కింగ్-హీలీ మొదలగువారు వెంటనే గ్రహించిరి. అమెరికాలో లూయీజీ జాక్కియా ఆ సాంద్రత సూర్యుని తీరును బట్టి హెచ్చుతగ్గులు చెందుచున్నదని కనుగొనెను. సూర్యునిపై మచ్చలు పెరిగిన కాలమున పైగాలి వేడెక్కి ఉబ్బును. అప్పటి వరకు పలుచగా నున్న ఎత్తులలో దట్టమగును. మచ్చలు తగ్గిన చల్లబడి క్రుంగును. ఇంచుమించు 11 సంవత్సరముల కొకసారి ఈ ఉబ్బు వచ్చుచుండును.

ఈ సంగతి గ్రంథములలో ఉండిపోక, తెలుగు పల్లెల గుండెలలో గుబులై ప్రవేశించిన సంవత్సరము 1979.

స్కైలాబ్ అమెరికావారు 1973 మే 14న సుమారు 435 కిలోమీటర్ల ఎత్తున నిలిపిన అంతరిక్ష నివాసము. బరువు 77 టన్నులు. మూడు జట్లు అందు నివసించి, కడపటి జట్టు 1974 ఫిబ్రవరిలో దిగివచ్చెను. అది మరి కొన్నియేండ్లు నిలుచుననియు, అంతలో క్రొత్త విమానవాహనము, అనగా స్పేస్ షటిల్, సిద్ధమై దానిని పైకి నెట్టుననియు లెక్క వేసిరి. రెండు లెక్కలును తప్పెను. షటిల్ 1981 వరకు ఎగురలేదు. సూర్యుని చక్రము ఊహించిన దానికంటె ఉధృతముగా వచ్చి పైగాలి ఉబ్బెను. స్కైలాబ్ కక్ష్య భూమధ్యరేఖకు 50 డిగ్రీలు వంగి యుండుటచే ఉత్తరమున 50, దక్షిణమున 50 డిగ్రీల నడుమ నున్న ప్రతి ఊరును దాని దారి క్రిందనే యుండెను. షోలాపురము, కరీంనగరము, నెల్లూరు అన్నియు అందు చేరినవి.

ఆ జూలై మాసమున తెలంగాణ పల్లెలలో జరిగిన వింతలను పెద్దలు నేటికిని చెప్పుదురు. ఎటులైనను చావు తప్పదని మేకలను, కోళ్లను కోసి తినినవారు కలరు. ఉన్న డబ్బు కల్లుకు వెచ్చించినవారు కలరు. అప్పులు తీర్చిన పుణ్యాత్ములును కలరు. ఈ ఘటనను ఆధారము చేసికొని కరీంనగరు ప్రాంతపు పల్లె కథగా 2021లో స్కైలాబ్ అను పేరుతోనే తెలుగు చలనచిత్రము వచ్చెను. నవ్వులాటగా చెప్పుకొనునప్పుడు మరచిపోవు సంగతి యొకటి యున్నది. ఆ పల్లెవారి భయము పూర్తిగా అవివేకము కాదు. ఎక్కడ పడునో అమెరికా శాస్త్రజ్ఞులకును తెలియదు. కడపటి దినము వరకు వారును ఖండములను మార్చి చెప్పుచునే యుండిరి.

అయితే వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. చరిత్ర దృష్టితో చూచిన ఇదియే స్కైలాబ్ కథలోని ముఖ్యాంశము. నెట్టుటకు ఇంజను లేదు. కాని దాని ముఖమును త్రిప్పగల శక్తి కొంత మిగిలియుండెను. 1978లో దాని పొడవు కొనను గాలికి ఎదురుగా నుంచి తగులుబాటును తగ్గించిరి. అందువలన కొన్ని మాసములు అదనముగా నిలిచెను. కడపటి దినమైన 1979 జూలై 11న, మిగిలిన కొద్ది ప్రదక్షిణములు ఉత్తర అమెరికా జనపదముల మీదుగా పోవుచుండగా, దానిని పల్టీలు కొట్టించిరి. పల్టీలు కొట్టు వస్తువునకు గాలి పట్టు కొంత తగ్గును. పతనస్థానము ముందుకు జరుగును. దక్షిణాఫ్రికాకు ఆవల సముద్రములో పడవలెనని వారి ఉద్దేశము. అనుకొన్నంత త్వరగా అది చీలిపోకపోవుటచే తునుకలు హిందూమహాసముద్రమును దాటి పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరెన్స్ ప్రాంతమున రాలెను. భారత కాలమానము ప్రకారము అప్పటికి రాత్రి 10 గంటలు. ఎవరికిని గాయమైనను కాలేదు. నేలపై చెత్త వేసిరని ఎస్పెరెన్స్ పురపాలకులు అమెరికా అంతరిక్ష సంస్థకు 400 డాలర్ల జరిమానా విధించిరి. గాలి పట్టును హెచ్చించి తగ్గించి ఒక మహావస్తువు పతనమును జరుపుటకు చేసిన ప్రయత్నములలో ఇది ముఖ్యమైనది. గురి తప్పినను పద్ధతి తప్పలేదు.

సరిగా నెల దినములు గడచెను. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి ఎస్.ఎల్.వి.-3 తొలిసారి ఎగసి, దారి తప్పి బంగాళాఖాతములో కూలెను. ప్రాజెక్టు సారథి అబ్దుల్ కలాము. మరుసటి సంవత్సరము 1980 జూలై 18న రెండవ ఎస్.ఎల్.వి.-3 రోహిణి అను 35 కిలోల ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. అంతకు పూర్వము 1975లో ఆర్యభట రష్యా నుండి ఎగసినది. స్వదేశపు నేలనుండి స్వదేశపు రాకెట్టుపై కక్ష్య చేరిన తొలి ఉపగ్రహము రోహిణియే. ఆ నేల తెలుగు నేల. కక్ష్య దగ్గరి కొన 305 కిలోమీటర్లు, దూరపు కొన 919.

ఈ విజయమును వర్ణించు పుస్తకములలో చెప్పని తేదీ 1981 మే 20. ఆ దినమున రోహిణి గాలిలో దగ్ధమయ్యెను. బ్రతికినది పది మాసములు. స్కైలాబ్‌ను కూల్చిన ఆ సూర్యచక్రపు ఉబ్బే దీనికిని వర్తించినది. 1981 మే 31న ఎగసిన రెండవ రోహిణి కథ మరింత విషాదకరము. రాకెట్టు దానిని తగిన ఎత్తున విడువలేకపోయెను. దగ్గరి కొన 186 కిలోమీటర్లే. అచట గాలి ఒరపిడి సామాన్యము కాదు. తొమ్మిది దినములలో ఉపగ్రహము లేదు. 1983 ఏప్రిల్ 17న ఎగసిన మూడవదానికి దగ్గరి కొన 371 కిలోమీటర్లుగా అమరెను. అది 1990 ఏప్రిల్ వరకు, అనగా ఏడు సంవత్సరములు, తిరిగెను. బరువులు ఇంచుమించు సమానములు, ప్రయోగించినవారును వారే. 186కును 371కిని గల భేదము తొమ్మిది దినములకును ఏడు సంవత్సరములకును గల భేదమైనది. గాలి ఎత్తును బట్టి ఎంత త్వరగా పలుచబడునో దీనికంటె స్పష్టముగా చూపు పాఠము లేదు.

పదేండ్ల పిమ్మటను ఈ పాఠము మరల చదువవలసి వచ్చెను. 1992 మే 20న ఎ.ఎస్.ఎల్.వి. రాకెట్టు స్రాస్-సి అను 106 కిలోల ఉపగ్రహమును 267 కిలోమీటర్ల దగ్గరి కొనతో విడిచెను. రెండు మాసములు నిండకముందే, జూలై 14న, అది రాలిపోయెను. 1994 మే 4న ఎగసిన స్రాస్-సి2 మెరుగైన కక్ష్య పొంది 2001 జూలై వరకు నిలిచెను. ఈ ఉపగ్రహమునందు గమనింపదగిన విశేషమున్నది. దాని దూరపు కొన మొదట 900 కిలోమీటర్లకు మించియుండగా, పరిశోధనకు అనువుగా నుండుటకై శాస్త్రజ్ఞులే తమంతట దానిని 630 కిలోమీటర్ల లోపునకు దింపుకొనిరి. ఈ పనికి వాడినది గాలిని గాదు, ఇంధనమును. అయినను ఉపగ్రహమును బుద్ధిపూర్వకముగా క్రిందికి దింపుట శ్రీహరికోట చరిత్రలో అట్లు ప్రవేశించెను.

ఇదే కాలమున ఇతర దేశములవారు గాలిచేతనే ఆ పని చేయించుకొనుట నేర్చిరి. 1991 మార్చి 19న జపానువారి హితెన్ నౌక పసిఫిక్ సముద్రముపై సుమారు 125 కిలోమీటర్ల ఎత్తున గాలిని ఒరసి తన కక్ష్యను తగ్గించుకొనెను. 1993లో అమెరికావారి మాగెల్లన్ శుక్రగ్రహపు గాలిలో 70 దినములు మునిగి తేలుచు, మూడు గంటలకు పైగా పట్టుచుండిన ప్రదక్షిణమును 94 నిమిషములకు దింపుకొనెను. 1997లో కుజుని చేరిన గ్లోబల్ సర్వేయరునకు సౌరఫలకపు కీలు చీలియుండుటచే గాలి పట్టును భరింపలేక, పని మెల్లగా సాగించి 1999 వరకు లాగవలసి వచ్చెను. బరువు హెచ్చిన నూలు తెగుననుట అచటను సత్యమే. 2006లో రికానసెన్స్ ఆర్బిటరు ఆరు మాసములలోపల 35 గంటల ప్రదక్షిణమును రెండు గంటలకు తెచ్చుకొనెను. ఈ పద్ధతివలన మిగులు ఇంధనము వందల కిలోలు. 2013 నవంబరు 5న శ్రీహరికోటనుండి బయలుదేరిన మంగళయానము మాత్రము ఈ మార్గము త్రొక్కలేదు. కుజుని చుట్టు 421 కిలోమీటర్లనుండి 76,993 కిలోమీటర్ల వరకు సాగిన దీర్ఘకక్ష్యయే దానికి చాలినది.

ఇక శ్రీహరికోట నుండియే గాలిని పనిముట్టుగా వాడిన ఘట్టము. 2017 ఫిబ్రవరి 15న పి.ఎస్.ఎల్.వి.-సి37 రాకెట్టు 104 ఉపగ్రహములను ఒక్కసారిగా కక్ష్యలో విడిచి లోకమును ఆశ్చర్యపరచెను. ఆ సంఖ్యను అందరును ఎరుగుదురు. అందులో 88 ఉపగ్రహములు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్లానెట్ అను సంస్థకు చెందినవనియు, వాటి పేరు డవ్, అనగా పావురము, అనియు కొందరెరుగుదురు. ఒక్కొక్కటి 5 కిలోలకు లోపు. ఒక చిన్న పెట్టెయంత. వాటిలో కక్ష్య మార్చుకొను ఇంజను గాని, ఇంధనము గాని లేదనుట ఎరిగినవారు మిక్కిలి తక్కువ.

ఇప్పుడు చిక్కు ఎక్కడనో చూడవలెను. 88 పావురములు ఒకే రాకెట్టు నుండి, 505 కిలోమీటర్ల ఎత్తున, ఒక దాని వెంట ఒకటిగా గుంపుగా విడువబడినవి. అన్నియు ఒకే చోట ఎగిరిన లాభము లేదు. భూమినంతటిని ప్రతి దినము చిత్రింపవలెనన్న అవి కక్ష్య పొడవునను చెదరి నిలువవలెను. ఆ కక్ష్య చుట్టుకొలత 43,200 కిలోమీటర్లు. 88కిని సమముగా పంచిన ఒకదానికిని మరియొకదానికిని నడుమ సుమారు 490 కిలోమీటర్లు రావలెను. నెట్టుటకు ఇంజను లేనప్పుడు వీనిని విడదీయుట ఎట్లు?

గాలిచేత విడదీసిరి. ప్రతి పావురమునకును సౌరఫలకముల రెక్కలు గలవు. రెక్కల వెడల్పును ప్రయాణదిశకు ఎదురుగా త్రిప్పిన గాలి హెచ్చుగా తగులును; అంచును త్రిప్పిన తక్కువగా తగులును. ఉపగ్రహము ముఖమును త్రిప్పుటకు లోపల తిరుగు చిన్న చక్రములు చాలును; వానికి వలయు విద్యుత్తును ఎండయే ఇచ్చును. రెక్క విప్పి నిలిచిన పావురము కొంచెము క్రిందికి దిగును. దిగినది ముందు చెప్పినట్లు త్వరగా తిరుగును. త్వరగా తిరిగినది గుంపును విడిచి ముందునకు పోవును. వలసిన దూరము వచ్చిన పిమ్మట వెనుకనున్న దానిని గూడ అదే ఎత్తునకు దింపుదురు. అప్పుడు రెండింటి వేగమును సమమై నడిమి దూరము నిలిచియుండును.

లెక్క చూచిన ఈ పద్ధతి బలము తెలియును. 500 కిలోమీటర్ల ఎత్తున ఒక్క కిలోమీటరు దిగినచో ప్రదక్షిణకాలము సుమారు 1.2 సెకనులు తగ్గును. దినమునకు 15 ప్రదక్షిణములు. కావున ఒక దినమున 18 సెకనులకు మించిన ముందంజ. దూరములో చెప్పిన సుమారు 140 కిలోమీటర్లు. ఒక కిలోమీటరు దిగుడు అయిదు మాసములు నిలిచియున్నచో ఉపగ్రహము భూమికి ఆవలి వైపునకు చేరును. గాలి చేయుపని నిదానము. తొందరపడువారికి పనికిరాదు. మాసములు ఆగగలవారికి మాత్రము వెల లేకుండ దొరకును. 2016 జూన్ 22న పి.ఎస్.ఎల్.వి.-సి34పై 12 పావురములు ఇచటినుండియే ఎగసియుండెను. 88తో ఆ పద్ధతి పూర్తిస్థాయిని పొందెను. 1981లో తొమ్మిది దినములలో రోహిణిని మ్రింగిన గాలియే, అదే తీరమునుండి ఎగసిన 88 ఉపగ్రహములను వరుసలో నిలిపెను.

ఇట్టి పనిముట్టునకు పగ్గము పూర్తిగా మనుష్యుల చేతిలో నుండదు. సూర్యుడు విసరిన తుపానువలన పైగాలి ఒక్కమారు ఉబ్బినచో లెక్కలన్నియు తారుమారగును. 2022 ఫిబ్రవరి 3న అమెరికాలో స్పేసెక్స్ సంస్థవారు 49 స్టార్‌లింక్ ఉపగ్రహములను సుమారు 210 కిలోమీటర్ల ఎత్తున విడువగా, మరునాటి సౌరతుపానువలన గాలి పట్టు 50 శాతము వరకు హెచ్చి, వాటిలో 40 దాక పైకి లేవలేక కూలెను. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుండి సూర్యపరిశీలనకై ఆదిత్య-ఎల్1ను పంపుటకు గల ప్రయోజనములలో ఇట్టి తుపానులను ముందుగా ఎరుంగుట యొకటి.

పడునది ఎవరి నెత్తిన పడునను ప్రశ్న ఈ చరిత్రలో మొదటినుండియు ఉన్నది. 2022 ఏప్రిల్ 2వ తేదీ సాయంకాలము మహారాష్ట్ర ఆకాశమున మండుచున్న చారలు కనబడినవి. చంద్రపురము జిల్లా సిందేవాహీ తాలూకాలోని లాడ్‌బోరీ గ్రామమున పెద్ద లోహపు వలయమొకటి పడెను. అది కక్ష్యలో మిగిలిపోయి, గాలి పట్టున దిగివచ్చిన చైనా రాకెట్టు భాగమని నిపుణులు భావించిరి. ఎవరికిని హాని కలుగలేదు. ఆ వలయము పడిన జిల్లా తెలంగాణ సరిహద్దున నున్నది. 1979లో పల్లెవారు భయపడినది ఇట్టి వస్తువునకే. పరులను మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు: 2023 జూలైలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రీన్ హెడ్ తీరమునకు కొట్టుకొనివచ్చిన పెద్ద లోహపు తొట్టి పి.ఎస్.ఎల్.వి. మూడవ అంచెదిగా తేలెను. అది కక్ష్య చేరకయే సముద్రములో పడు భాగము. అయినను శ్రీహరికోట వస్తువు పరుల తీరమున తేలిన మాట సత్యము.

తనంతట దిగివచ్చు వస్తువు పడు చోటును ముందుగా చెప్పుట కష్టము. మిగిలిన కాలములో పదింట ఒక వంతు తప్పు లెక్కలో ఎప్పుడును ఉండునని వాడుక. ఒక దినము మిగిలియున్నదనిన రెండు గంటలకు పైగా అటునిటు. గంటన్నరకు భూమినొకసారి చుట్టి వచ్చు వస్తువునకు రెండు గంటలనగా సమస్త ఖండములును! కావున చోటును ఎన్నుకొనవలెనన్న ఇంధనము మిగిలియుండవలెను. 2011 అక్టోబరు 12న ఎగసిన మేఘ-ట్రాపిక్స్ ఫ్రాన్సుతో కలిసి నిర్మించిన వాన పరిశీలక ఉపగ్రహము. దాని ఎత్తు 867 కిలోమీటర్లు. గాలికి వదలినచో నూరేండ్లకు పైగా అచటనే యుండును. అదృష్టవశమున నూరు కిలోలకు పైగా ఇంధనము మిగిలియుండుటచే, 2022 ఆగస్టునుండి విడతలుగా దింపి, 2023 మార్చి 7న పసిఫిక్ సముద్రమున జనసంచారము లేని చోట కూల్చిరి.

కార్టోశాట్-2 విషయమున అంత ఇంధనము లేదు. ఈ ఉపగ్రహము పుట్టుకయే విశేషమైనది. 2007 జనవరి 10న ఒకే రాకెట్టుపై నాలుగు ఎగసెను. వాటిలో ఒకటి 680 కిలోల కార్టోశాట్-2. మరియొకటి ఎస్.ఆర్.ఇ.-1 అను 550 కిలోల పేటిక. పేటిక 12 దినములు తిరిగి, జనవరి 22న ఇంజను మండించి గాలిలో దూకెను. దాని వేగమును చాలవరకు గాలియే చంపెను. పింగాణీవంటి పలకలు వేడిని ఆపెను. గొడుగులు విప్పుకొని శ్రీహరికోటకు 140 కిలోమీటర్ల తూర్పున సముద్రముపై దిగెను. కక్ష్యకు పోయినదానిని చెడకుండ వెనుకకు తెచ్చుకొనుట భారతదేశమునకు అదియే మొదలు. దానితో కలిసి ఎగసిన కార్టోశాట్-2 మాత్రము 630 కిలోమీటర్ల ఎత్తున 2019 వరకు భూచిత్రములు తీసెను. గాలికి వదలిన అది రాలుటకు సుమారు 30 సంవత్సరములు పట్టునని లెక్క తేలెను. కాబట్టి రెండు పద్ధతులను కలిపిరి. మిగిలిన కొద్దిపాటి ఇంధనముతో 2020 తొలి దినములకు దాని దగ్గరి కొనను 380 కిలోమీటర్లకు దించి, తక్కిన పనిని గాలికి అప్పగించిరి. రోహిణి వెళ్లిన దారియే. కాని ఈసారి త్రోవ చూపినది మనుష్యులు. గాలి నాలుగు సంవత్సరములలో ముప్పదియేండ్ల పని ముగించెను.

2024 ఫిబ్రవరి 14న, ఉపగ్రహములో మిగిలిన విద్యుచ్ఛక్తిని గూడ ఖాళీ చేసిరి. పతనములో అది ప్రేలి చెదరకుండుటకు ఈ జాగ్రత్త. బెంగుళూరులో ఈ పనులకై ఏర్పడిన కార్యాలయము 2022 జూలై 11న, స్కైలాబ్ కూలిన తిథికి సరిగా 43 సంవత్సరములకు, ప్రారంభమైనది; అది యాదృచ్ఛికమే కావచ్చును. సుమారు 130 కిలోమీటర్ల ఎత్తు వరకు దాని జాడ తెలిసినది. ఆ మధ్యాహ్నము 3 గంటల 48 నిమిషములకు కార్టోశాట్-2 హిందూమహాసముద్రముపై గాలిలో ప్రవేశించెను.

ఉపగ్రహములను మోసిన రాకెట్టు అంచెలకును ఇదే మర్యాద ఏర్పడినది. 2024 జనవరి 1న ఎగసిన పి.ఎస్.ఎల్.వి.-సి58 యొక్క నాలుగవ అంచెను, పని ముగిసిన పిమ్మట 650 కిలోమీటర్లనుండి 350కి దింపి, ఇంధనమును వెడలించి, గాలికి విడిచిరి. ఆ మార్చి 21న ఉత్తర పసిఫిక్ మీద రాలెను. 2024 డిసెంబరు 30న ఎగసిన సి60 అంచెయు అట్లే 350 కిలోమీటర్లకు దింపబడి 2025 ఏప్రిల్ 4న హిందూమహాసముద్రముపై ముగిసెను. 2030 నాటికి భారతీయ ప్రయోగములన్నియు చెత్త మిగుల్పని ప్రయోగములు కావలెనని 2024 ఏప్రిల్‌లో ఇస్రో అధ్యక్షుడు సోమనాథ్ బెంగుళూరు అంతర్జాతీయ సమావేశమున ప్రకటించెను.